ఉడుము పిల్ల కరిచిన చెయ్యి

మా అబ్బాయి కుడిచేతి చిటికెనవేలు ఇంకా పూర్తిగా ముడుచుకోదు. పలక మీద బలపం పట్టుకుంటే మిగతా వేళ్ళన్నీ దగ్గరకొస్తాయి, అదొక్కటే తనకేమీ సంబంధం లేనట్టు పక్కకి నిలబడిపోతుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. ఎవరి మీద అంటే, అందరి మీదా. నా మీద అందరికంటే ఎక్కువ. కరిచిన ఉడుము పిల్ల మీద మాత్రం కోపం లేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా ఊళ్ళో ఈ కథ చెప్పేవాళ్ళందరూ తప్పంతా దాని నెత్తినే వేస్తారు.

వాడు నిద్రపోయాక కూర్చుని రాస్తున్నాను. పగలు రాస్తే ఎవరో ఒకరు వచ్చి, ఏం రాస్తున్నావమ్మా అని నవ్వుతూ అడుగుతారు. మా వైపు అందరూ నవ్వుతూనే అడుగుతారు.

మా అత్తవారి ఇల్లు అమలాపురానికి నాలుగు మైళ్ళ దూరంలో, కొబ్బరితోట మధ్యలో ఉంది. మావారు కాకినాడలో ఉద్యోగం చేస్తూ నెలకోసారి వచ్చి వెళ్తారు. ఇంట్లో అత్తయ్యగారు, నేను, పిల్లవాడు. నిరుడు తొలకరి పడ్డ కొత్తలో, ఒక శనివారం, తోటలో కొబ్బరికాయల దింపు జరుగుతోంది. వాడికప్పుడు మూడేళ్ళు నిండి రెండు నెలలు. చెట్ల కింద తిరిగితే నెత్తిన కాయ పడుతుందని నా భయం. అందుకని వాడిని ఇంటి వెనక్కి తీసుకెళ్ళి, వంటింటి మెట్ల దగ్గర, కాయలు ఒలిచిన పీచు డొక్కల రాశి పక్కన కూర్చోబెట్టాను. అక్కడైతే నా కళ్ళముందే ఉంటాడనుకున్నాను. అన్నం వారుస్తూ రెండు నిమిషాలకోసారి గుమ్మంలోంచి తొంగి చూస్తూనే ఉన్నాను.

ఒకసారి తొంగి చూసేసరికి డొక్కల మీద ఎండలో అది ఉంది.

జానెడున్నర పొడవు. నల్లటి ఒళ్ళు, దాని మీద పసుపుపచ్చని చుక్కలు అడ్డంగా వరసలు వరసలుగా, ఎవరో తీరిక్కూర్చుని పెట్టినట్టున్నాయి. మెడ తొండ మెడలా పొట్టిగా లేదు, పొడుగ్గా ఉంది. తల సన్నగా పాము తలలా ఉంది. కంటి వెనకనించి చెవి దాకా కాటుక దిద్దినట్టు నల్లటి గీత. చీలిన నాలుక ఒకటి బయటికొచ్చి, గాలిని రుచి చూసి, లోపలికి పోతోంది. మావాడు అప్పటికే లేచి దాని దగ్గరకి నడుస్తున్నాడు.

అది పారిపోలేదు. పారిపోవడానికి వెనక గోడ ఉంది, ముందు వీడున్నాడు. మొదట డొక్కకి అతుక్కుపోయి, ఊపిరి కూడా తీయనట్టు పడుకుంది. వీడు ఇంకో అడుగు వేశాడు. గొంతు ఉబ్బించి, ముందుకాళ్ళ మీద లేచి, ఉన్నదానికి రెండింతలు కనపడేలా ఒళ్ళు పెంచింది. వీడు నవ్వాడు. అన్నం కుండ మూత కింద ఆవిరి తన్నినట్టు బుస్సుమంది. వీడు చెయ్యి చాపాడు. తోకతో వీడి పిక్క మీద చెళ్ళున కొట్టింది. అప్పటికీ వీడు వెనక్కి తగ్గకుండా, "అమ్మా, తొండ!" అంటూ నడుం దగ్గర పట్టుకున్నాడు. అప్పుడు మెడ తిప్పి బొటనవేలి మొదట్లో కరిచింది. కరిచి వదల్లేదు.

తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను. అంత చిన్న ప్రాణి, గుడ్డులోంచి బయటికొచ్చి ఎన్నాళ్ళో కాలేదు, తనకి చేతనైనవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేసింది. వద్దని నాలుగు రకాలుగా చెప్పి, వినకపోతేనే కరిచింది. ఆ రోజు నేను ఆపాటి కూడా చేయలేదు.

నేను అరిచిన అరుపుకి చెట్టు మీదున్నవాడు జరజరా దిగి పరిగెత్తుకొచ్చాడు. ఏళ్ళ తరబడి మా తోటలో దింపు తీసే మనిషి. నేను దాన్ని పట్టుకుని లాగబోతుంటే నా చెయ్యి పట్టుకోకుండా అడ్డం నిలబడ్డాడు.

"లాగకండమ్మగారూ! లాగేరంటే కండ ఊడొచ్చేత్తాది. చెయ్యి గాబులో ముంచండి. ఊపిరాడక అదే వదిలేత్తాదండి."

పిల్లవాడి చెయ్యి నీళ్ళ గాబులో ముంచాం. కాసేపటికి అది నోరు తెరిచింది. అతను దాన్ని తోక పట్టుకుని అవతలికి విసిరాడు. ఈలోగా అత్తయ్యగారు రోకలి తీసుకుని వచ్చి ఒకటే దెబ్బ వేశారు.

"చంపేసేరా? పోన్లెండి. ఉడుం పిల్లండి అది. కంగారు పడాల్సిందేం లేదండి," అన్నాడతను.

"ఉడుమా! నేను ఉడుముని ఎరగనట్టు చెప్తున్నావేంట్రా? ఉడుము మట్టిరంగులో ఉంటుంది. దీని ఒంటినిండా పొడలు చూడు, నాలుక చూడు. తాచుకీ తొండకీ పుట్టిన జాతి ఇది. దీని నోట్లో ఉన్నదంతా విషమే," అన్నారు అత్తయ్యగారు. రోకలి ఇంకా కింద పెట్టలేదు.

ఆవిడ భయం నాకు తెలుసు. మావారి కంటే ముందు ఆవిడకో ఆడపిల్ల ఉండేది. ఆరేళ్ళప్పుడు పాము కరిచింది. విషం పైకి ఎక్కకుండా చేతికి కట్టు కడితే ఆ పిల్ల నొప్పి నొప్పి అని ఏడుస్తోందని, ఈవిడే ఎవరూ చూడకుండా వదులు చేశారట. తెల్లవారేలోగా పోయింది. కట్టు వదులు కావడం వల్లే పోయిందని ఇన్నేళ్ళుగా అందరూ అంటున్నారు. ఆవిడా అదే నమ్ముతున్నారు. పెళ్ళైన ఏడాదికి, పప్పు బాగుచేస్తూ తల ఎత్తకుండా నాతో ఆ మాట చెప్పారు. ఇంకెప్పుడూ ఎత్తలేదు.

అందుకే చివరికి నేను నోరు మూసుకున్నాననుకుంటే నాకు కొంత ఊరటగా ఉంటుంది. కానీ అది నిజం కాదు.

కబురు వెళ్ళిన అయిదు నిమిషాలకి మావయ్యగారు వచ్చారు. అత్తయ్యగారికి వరసకి అన్నగారు. పాము కరిచినా తేలు కుట్టినా కట్టు కట్టడానికి చుట్టుపక్కల నాలుగూళ్ళకీ ఆయనే. ఆ రోజు మురమళ్ళలో స్వామి కల్యాణానికి వెళ్ళడానికి బండి కట్టించుకుని సిద్ధంగా ఉన్నారు. ఇస్త్రీ పంచె, భుజాన గుడ్డసంచీ, సంచీలో భజనకి వాయించే కంజిరా. పిల్లవాడిని చూసి, చచ్చిపడున్న దాన్ని కర్రతో తిరగేసి చూసి, తల ఊపారు.

"మావయ్యగారూ, ఇది ఉడుము పిల్లండి. మన దేశంలో బల్లిజాతి వేటికీ విషం ఉండదండి. కాలేజీలో చదువుకున్నాను. గాయం కడిగి అమలాపురం డాక్టరుగారికి చూపిస్తే సరిపోతుందండి," అన్నాను.

"ఆయ్, చదువుకున్నదానివి, నీకు తెలీకపోవడవేంటమ్మా," అన్నారాయన ఎంతో మర్యాదగా. అంటూనే ఎడంవైపుకి పురి పెట్టిన సన్నటి కొబ్బరితాడు సంచీలోంచి తీసి మణికట్టుకి చుట్టడం మొదలుపెట్టారు.

దింపు తీసే అతను ఊరుకోలేదు. "అయ్యగారండీ, మీ సంచీలో కంజిరాకి బిగించింది దీనమ్మ చర్మవేనండి. ఇన్నేళ్ళనించీ అరిచేత్తో వాయిత్తన్నారు. మీకేం విషం ఎక్కలేదు కదండీ?"

మావయ్యగారు తాడు మీంచి కళ్ళు ఎత్తకుండానే, "వీడికి చెట్టెక్కితేనే గాని మాట రాదనుకున్నాను. నేల మీద కూడా బానే వస్తోందే," అన్నారు. గుమిగూడిన నలుగురూ నవ్వారు. అతను కూడా నవ్వి, తలగుడ్డ విప్పి దులుపుకుంటూ పక్కకి వెళ్ళిపోయాడు. ఆ నవ్వుతో అతని మాట అక్కడితో అయిపోయింది. అంత సరైన మాట ఆ పూట ఇంకెవరూ అనలేదు.

తాడు బిగించాక పరీక్ష పెట్టారు. విషం ఎక్కుతుంటే నాలుకకి చేదు తెలియదని నమ్మకం. వేపాకు తెప్పించి, నలిపి, చిన్న ఉండ చేసి పిల్లవాడి నోట్లో పెట్టారు. మూడేళ్ళ పిల్లవాడు చేదు నోట్లో పెడితే ఉమ్మెయ్యాలి, గుక్కపట్టి ఏడవాలి. మావాడు ఏడుపు ఆపి, ఉండ మింగి, చెయ్యి చాపి, "బెల్లం," అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కసారి ఉసూరుమన్నారు.

"నోరు చచ్చిపోయిందండి. పైకి ఎక్కుతోంది," అన్నారు మావయ్యగారు. మోచేతి పైన రెండో తాడు బిగించారు. "తీపి మాత్రం పెట్టకండి. నేను రేపు పొద్దున్నే వచ్చి విప్పుతాను. కట్టినవాడే విప్పాలి, ఆ సంగతి మీకు తెలుసు. వేరేవాళ్ళు చెయ్యి వేస్తే పిల్లాడికీ, విప్పినవాళ్ళకీ కూడా ప్రమాదం."

"ఆయ్, అలాగేనండి," అన్నాను.

నేనే అన్నాను. కాకినాడలో సైన్సు చదివి, కప్పని కోసి గుండె చూపించి మార్కులు తెచ్చుకున్నదాన్ని, నా కొడుకు చేతికి కొబ్బరితాడు బిగించి మర్నాడు పొద్దున్న దాకా అలా ఉంచమంటే, ఆయ్, అలాగేనండి, అన్నాను. అది మాకు ఉగ్గుపాలతో వచ్చిన మాట. పెద్దవాళ్ళు ఏదైనా అంటే దానంతట అదే నోట్లోంచి వచ్చేస్తుంది. ఆయన బండి ఎక్కారు. తొమ్మిదయింది.

పదింటికి వాడి వేళ్ళు ఎర్రబడ్డాయి. పదకొండుకి ఉబ్బాయి. వాడు ఏడ్చి ఏడ్చి అత్తయ్యగారి ఒళ్ళో సొమ్మసిల్లినట్టు పడుకున్నాడు. ఆవిడ వాడి తల నిమురుతూ కూర్చున్నారు, కళ్ళు మాత్రం తాడు మీదే. నేను నాలుగు గదులూ తిరిగాను. వాడి గోళ్ళు నొక్కి చూశాను. నొక్కితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడాల్సిన గోరు నల్లగా అలాగే ఉండిపోయింది.

కూర్చోలేక పెరట్లోకి వెళ్ళాను. గాబు పక్కన ఉడుము పిల్ల ఇంకా అలాగే పడి ఉంది. చీమలు పట్టాయి. అరటాకు ముక్క మీదకి తీసి నీళ్ళు పోసి కడిగి చూశాను. నడుం రోకలి దెబ్బకి చితికిపోయింది, తల బాగానే ఉంది. పుల్లతో నోరు తెరిచాను. సూది మొనల్లాంటి చిన్నచిన్న పళ్ళు, వెనక్కి వంగి ఉన్నాయి. పట్టుకున్నది జారిపోకుండా ఉండడానికి. పాముకుండే కోరలు లేవు. కాళ్ళకి అయిదేసి గోళ్ళు, ఒక్కొక్కటీ కొక్కెంలా ఉంది. తల పక్కన చెవి కన్నం స్పష్టంగా కనిపిస్తోంది. పాముకి చెవి కన్నం ఎక్కడుంటుంది? మా కాలేజీలో ఇలాంటిదే ఒకటి గాజుసీసాలో ఉండేది, మందునీళ్ళలో రంగు వెలిసిపోయి. పాఠం చెప్పే ఆవిడ దాన్ని బల్ల మీద పెట్టి, "దీన్ని తినేవాళ్ళున్నారు, దీని తోలు వాయించేవాళ్ళున్నారు. దీనివల్ల చచ్చినవాళ్ళు మాత్రం లేరు," అనేవారు. అప్పుడు అందరం నవ్వాం.

దింపు తీసే అతను కాయలు పోగుపెడుతూ నన్ను చూసి వచ్చాడు. "ఎలాగుందండీ బాబుగారికి?"

"ఇది ఉడుమేనని నీకెలా తెలుసు?" అని అడిగాను.

"పిల్లప్పుడు ఇయ్యి చెట్టు మొవ్వుల్లో, తొర్రల్లో ఉంటాయండి. గద్దలకి, పిల్లులకి భయపడి కిందకి దిగవు. అప్పుడు ఒళ్ళంతా పచ్చచుక్కలే. ఎదిగేక నేలకి దిగుతాయి, చుక్కలు మాసిపోయి మట్టిరంగొచ్చేత్తాదండి. మీరంతా కింద పెద్దవాటిని చూత్తారు. నేను పైన పిల్లల్ని చూత్తాను. మజ్జిన ఎదుగుతున్నదాన్ని ఎవరూ చూడరండి. అందుకని రెండూ ఏరేరు అనుకుంటారు." గొంతు తగ్గించి అన్నాడు. "నన్ను నాలుగుసార్లు కరిచేయండి. ఇదిగోండి, బతికే ఉన్నాను. అమ్మగారూ, ఆ తాడు మంచిది కాదండి."

ఇంట్లోకి వచ్చాను. పిల్లవాడికి గుక్కెడు నీళ్ళైనా పట్టిద్దామని గ్లాసు కోసం వంటింట్లోకి వెళ్తే సన్నికల్లు పక్కన వెదురుబుట్టలో వేపచిగుళ్ళు ఉన్నాయి. మర్నాడు ఆదివారం. అత్తయ్యగారు ముందురోజే కోసి పెట్టుకుంటారు.

వాటిని చూస్తూ అలాగే నిలబడిపోయాను.

నులిపురుగులు చేరకుండా మావాడికి ఏడాదిగా ప్రతి ఆదివారం పొద్దున్నే వేపముద్ద మింగిస్తున్నాం. మొదట్లో నానా యాగీ చేసేవాడు. మింగితే బెల్లం ముక్క పెడతామని అత్తయ్యగారే అలవాటు చేశారు. ఇప్పుడు ముద్ద నోట్లో పెట్టగానే మింగేసి, బెల్లం కోసం చెయ్యి చాపుతాడు. పొద్దున్న చేసింది కూడా అదే. విషం ఎక్కి నోరు చచ్చిపోలేదు. వాడు మేం నేర్పిన పాఠం తప్పుల్లేకుండా అప్పజెప్పాడు. నేర్పిన ఇద్దరం ఎదురుగానే నిలబడి ఉన్నాం, ఇద్దరికీ తట్టలేదు. ఆ తెలివితక్కువతనానికి రెండో తాడు పడింది.

బుట్ట పట్టుకెళ్ళి అత్తయ్యగారి ముందు పెట్టాను.

"అత్తయ్యగారూ, వాడు పొద్దున్న బెల్లం ఎందుకడిగేడో చెప్పండి."

ఆవిడ బుట్టవైపు చూశారు. చాలాసేపు చూశారు.

నేను మావారి గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చాను. తాడు కండలోకి దిగబడిపోయి ఉంది, కత్తెర దూరే సందు లేదు. చెంచా కాడకి కొబ్బరినూనె రాసి తాడు కిందకి నెట్టాను. వాడు కెవ్వుమన్నాడు. ఒక చేత్తో చెంచా, ఒక చేత్తో బ్లేడు. పట్టుకోవడానికి ఇంకొకరు కావాలి.

"నేను చూడను. నాకేం తెలీదు. నేను చూడలేదు," అన్నారు అత్తయ్యగారు. కళ్ళు గట్టిగా మూసుకుని ముఖం గోడవైపు తిప్పుకున్నారు. కానీ రెండు చేతులతో వాడి భుజం కదలకుండా పట్టుకున్నారు. నేను మణికట్టు దగ్గర తాడు కోసి, మోచేతి పైది కోసేవరకూ వదల్లేదు.

పన్నెండున్నర అయింది. మూడున్నర గంటలు. ఉడుము పట్టిన పట్టు నీళ్ళలో ముంచితే నిమిషంలో వదిలింది.

దింపు తీసే అతనే బండి మాట్లాడి తెచ్చాడు. అమలాపురంలో డాక్టరుగారు చెయ్యంతా చూసి, కాటు కడిగి, సూది వేశారు. కాటు గురించి ఒక్క మాట కూడా అడగలేదు. తాడు వాతల మీద వేలు పెట్టి, "ఎవరు కట్టేరండీ ఇది?" అన్నారు. చెప్పాను. "పెద్దవారు, పాపం, మంచికే కట్టి ఉంటారు లెండి," అన్నారు. చిటికెనవేలి నరం నలిగిందనీ, స్పర్శ రావచ్చు, రాకపోవచ్చు, చూడాలనీ చెప్పారు. ఆయన మంచివారు. అయినా ఆ "పాపం" ఎవరికి చెందాలో నాకిప్పటికీ అర్థం కాదు.

మర్నాడు పొద్దున్నే మావయ్యగారు ప్రసాదం పట్టుకుని వచ్చారు. అరుగు నిండా జనం. తెగిన తాడు ముక్కలు చూసి ఆయన ముఖం ముడుచుకుంది. "ఎవరు చెయ్యి వేసేరు?" అన్నారు.

"అమ్మాయే. నేను చూళ్ళేదు అన్నయ్యగారూ," అన్నారు అత్తయ్యగారు.

ఎంత త్వరగా అన్నారో. ఆ క్షణంలో ఆవిడ మీద వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు. వాడి భుజం పట్టుకున్న ఆ రెండు చేతులూ నాకు గుర్తున్నాయి, అయినా చల్లారలేదు.

"నేనే కోసేనండి," అన్నాను. "కట్టకూడని కట్టు అది. పిల్లాడి చెయ్యి పోయేది."

మా వైపు పెద్దవారి ముఖాన అలా ఎవరూ అనరు. మావయ్యగారు ఏదో అనబోతుండగా లోపల్నించి పిల్లవాడు నడుచుకుంటూ వచ్చి నాయనమ్మ కొంగు పట్టుకున్నాడు. ఆదివారం కదా, వాడికి తెలుసు. అత్తయ్యగారు ఒక్క క్షణం తటపటాయించి లోపలికి వెళ్ళి వేపముద్ద తెచ్చారు. అందరూ చూస్తుండగా వాడి నోట్లో పెట్టారు. వాడు మింగేసి, వాచిన చెయ్యి చాపలేక ఎడమచెయ్యి చాపి, "బెల్లం," అన్నాడు.

"వారం వారం ఇంతేనండి అన్నయ్యగారూ," అన్నారావిడ, నేల చూస్తూ. "నిన్న నాకు తోచలేదు."

ఇప్పుడేమంటారు అన్నట్టు నేను మావయ్యగారి వైపు చూశాను. ఆయన కాసేపు పిల్లవాడిని చూసి, ఉత్తరీయం సర్దుకుని, ప్రశాంతంగా అన్నారు:

"ఆయ్. అయితే కట్టు బాగానే పనిచేసిందండి."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కాఫీలు వచ్చాయి. ఆయన వెళ్ళేటప్పుడు, తాతగారికి దణ్ణం పెట్టమని ఎవరో వాడి రెండు చేతులూ దగ్గరకి చేర్చబోయారు. ఆ వాచిన చెయ్యి నేను పట్టుకుని కిందకి దించేశాను. వాడిని ఎత్తుకుని లోపలికి వచ్చేశాను. "పట్నం చదువు," అన్నారెవరో.

మావారికి ఉత్తరం రాస్తే జవాబు వచ్చింది. మంచి పని చేశావు, కాకపోతే అందరి ముందూ అనకుండా ఉండాల్సింది అని. ఆ ఉత్తరానికి నేను తిరిగి రాయలేదు. ఆ తర్వాత వాడికి జలుబు చేసినా, అన్నం సయించకపోయినా, కట్టు తెంపిన దోషం అని ఎవరో ఒకరు నెమ్మదిగా అంటూనే ఉన్నారు. చిటికెనవేలికి కూడా కారణం అదేనట. తాడు కట్టినందుకు కాదు, తెంపినందుకు.

మొన్న మళ్ళీ దింపు జరిగింది. చెట్టు మీంచి అతను కేకేశాడు. "అమ్మగారూ! మొవ్వులో రెండున్నాయండి, చుక్కలవి. కొట్టెయ్యమంటారా?"

అత్తయ్యగారు నా పక్కనే ఉన్నారు. ఆవిడ ఏమంటారో అని చూశాను. తల ఎత్తి చెట్టు మొవ్వు వైపే చూస్తున్నారు. "వద్దు, ఉండనీ," అని నేనే అరిచాను. ఆవిడ మాత్రం లోపలికి వెళ్ళి పిల్లవాడిని ఎత్తుకుని వచ్చి, నా చేతికిచ్చారు. "డొక్కల దగ్గర కూర్చోబెట్టకు," అన్నారు.

రోజూ వాడికి అన్నం తినిపించేటప్పుడు ఆ చిటికెనవేలి కొస నా గోటితో నొక్కుతాను. పదినెలలుగా వాడికి తెలియనే తెలియదు, నొక్కుతుంటే నోరు తెరిచి తర్వాతి ముద్ద కోసం చూసేవాడు. ఈ సాయంత్రం నొక్కితే చెయ్యి విసురుగా లాక్కున్నాడు.

"నొప్పి! గిచ్చుతావేంటే?" అని నా మీద కసురుకున్నాడు.

నిజమో కాదో తెలుసుకోవాలని మళ్ళీ నొక్కాను. ఈసారి కరిచాడు.